1971 ఎంజీబీలో ఇగ్నిషన్ కాయిల్ వైరింగ్: బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు లాగవచ్చా?

నమస్తే అండి. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఇంగ్లండులో మీరు కొన్న 1971 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు తెరిచే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) అరగంట నడిచిన తరువాత మిస్సింగ్ కొడుతోంది, రేజ్ చేస్తే తడబడుతోంది. స్పార్కుకు కావలసిన హై వోల్టేజి తయారుచేసే పాత ఇగ్నిషన్ కాయిల్ తీసి కొత్త స్పోర్ట్ కాయిల్ బిగించారు. అది చెయ్యి ఆనించలేనంత వేడెక్కుతోంది, మీటరు పెడితే ప్రైమరీ (కాయిల్‌లో బ్యాటరీ కరెంటు పారే చుట్ట) 1.5 ఓమ్‌లు చూపిస్తోంది. బ్యాటరీ నుంచి 6 చదరపు మిల్లీమీటర్ల లావు వైరు నేరుగా కాయిల్‌కు లాగి మధ్యలో ఒక స్విచ్ పెట్టమని స్నేహితుడు సలహా ఇచ్చారు. అలా చేయవచ్చా, లేక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) పెట్టాలా అన్నది మీ సందేహం.

నేరుగా సమాధానం: ఆ వైరు లాగవద్దు, ఆ కాయిల్‌ను కూడా ఉంచవద్దు. మీ బండికి 3 ఓమ్‌ల ప్రైమరీ ఉన్న కాయిల్ కావాలి. దాన్ని బిగించి, బ్యాటరీకీ కాయిల్ ప్లస్ టెర్మినల్‌కూ మధ్య ఎంత వోల్టేజి పోతోందో కొలవండి. అర వోల్టు లోపు ఉంటే వైరింగ్‌ను ముట్టుకోనక్కరలేదు. అంతకు మించితే ముందు జాయింట్లు శుభ్రం చేసి, అప్పటికీ తగ్గకపోతే రిలే పెట్టండి. అయితే మీ సంవత్సరం బండిలో రిలేను ఎక్కడ కలుపుతారన్నది చాలా ముఖ్యం, ఎందుకంటే చోటు తప్పితే టాకోమీటర్ (ఇంజిన్ చుట్లు చూపే మీటరు) పనిచేయడం మానేస్తుంది. ఇక మిగిలినదంతా దీనికి వివరణే.

నా సంగతి ఒక మాటలో చెబుతాను. విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్ల ఎలక్ట్రికల్ పనితో మొదలుపెట్టి, ఇప్పుడు బర్మింగ్‌హామ్‌లో పాత బ్రిటిష్ బండ్ల వైరింగ్ చేస్తున్నాను. అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోలు ఇంజిన్, మీ ఎంజీబీలోని 1798 సీసీ ఇంజిన్ రెండూ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి బీ సిరీస్ కుటుంబంలోవే. అందువల్ల తొలిసారి ఎంజీబీ బానెట్ ఎత్తినప్పుడు నాకు పరాయి బండి అనిపించలేదు. ప్లగ్గులకు స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్ ఉన్న పక్క, మూత తీస్తే కనిపించే పాయింట్లు (కాయిల్ కరెంటును కలుపుతూ తెంచుతూ ఉండే కాంటాక్టులు), వాటికి తోడుగా ఉండే కండెన్సర్ అన్నీ చెయ్యి ఎరిగినవే.

ముందు కాయిల్ విషయం. పాయింట్లతో నడిచే ఈ వ్యవస్థలో ప్రైమరీ చుట్ట గుండా నాలుగైదు ఆంపియర్లకు మించి కరెంటు పోకూడదు. 12.6 వోల్టులను 3 ఓమ్‌లతో భాగిస్తే 4.2 ఆంపియర్లు వస్తాయి. పాయింట్లు తట్టుకుంటాయి, కాయిల్ తట్టుకుంటుంది. అదే 12.6ను 1.5తో భాగిస్తే 8.4 ఆంపియర్లు. పాయింట్లు మూసుకొని ఉన్నప్పుడు తాళం ఆన్‌లో వదిలేస్తే 3 ఓమ్‌ల కాయిల్‌లో సుమారు 53 వాట్ల వేడి పుడుతుంది, 1.5 ఓమ్‌ల కాయిల్‌లో 106 వాట్లు పుడుతుంది. పిడికెడు డబ్బాలో వంద వాట్ల బల్బు వెలిగించినట్లు ఊహించుకోండి. మీ కాయిల్ చెయ్యి ఆనించలేనంత వేడెక్కడానికి ఇదే కారణం. వైరు సన్నగా ఉండడం వల్ల వేడి పుడితే ఆ వేడి వైరులో పుడుతుంది గాని కాయిల్‌లో కాదు.

మీరు కొన్నది చెడ్డ కాయిల్ కాదు, వేరే బండికి ఉద్దేశించినది. 1974 చివరలో వచ్చిన రబ్బరు బంపర్ల ఎంజీబీల కాలం నుంచి బ్యాలస్ట్ పద్ధతి వాడారు. అందులో కాయిల్ 1.5 ఓమ్‌లు ఉంటుంది. దానికి ముందు హార్నెస్‌లోనే (వైర్ల కట్టలోనే) గులాబీ రంగు మీద తెల్ల గీత ఉన్న బ్యాలస్ట్ అనే ఒక రెసిస్టెన్స్ వైరు ఉంటుంది, అది మరో ఒకటిన్నర ఓమ్‌లు. రెండూ కలిసి మళ్లీ 3 ఓమ్‌లే. ఇంత తతంగం ఎందుకంటే, చలికాలంలో సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ వోల్టేజి 9, 10కి పడిపోతుంది. ఆ కొద్ది క్షణాలు స్టార్టర్ సోలెనాయిడ్ నుంచి వచ్చే ఇంకొక వైరు బ్యాలస్ట్‌ను దాటవేసి, ఉన్న వోల్టేజినంతా కాయిల్‌కు అందిస్తుంది. ఇంజిన్ అందుకోగానే మళ్లీ బ్యాలస్ట్ గుండా నడుస్తుంది. మీ 1971 బండిలో ఆ రెసిస్టెన్స్ వైరూ లేదు, ఆ దాటవేసే వైరూ లేదు. లూకాస్ కంపెనీ కాయిల్‌లలో డీఎల్‌బీ 101, డీఎల్‌బీ 105 బ్యాలస్ట్ లేని బండ్లకు, డీఎల్‌బీ 110 బ్యాలస్ట్ ఉన్న బండ్లకు. స్పోర్ట్ కాయిల్ పేరుతో 105, 110 రెండూ దొరుకుతాయి, పొరపాటు సరిగ్గా అక్కడే జరుగుతుంది. పెట్టె మీద పేరు ఏదైనా, డబ్బు ఇచ్చే ముందు మీటరు పెట్టి చూడండి.

దీనికి తలకిందుల తప్పు కూడా నేను తరచుగా చూస్తుంటాను. బ్యాలస్ట్ ఉన్న బండికి 3 ఓమ్‌ల కాయిల్ బిగిస్తే మొత్తం 4.5 ఓమ్‌లు అవుతుంది, కరెంటు మూడు ఆంపియర్ల లోపుకు పడిపోతుంది. బండి స్టార్ట్ అవుతుంది, ఊళ్లో తిరుగుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం నీరసపడుతుంది. యజమాని కార్బ్యురేటర్లు విప్పి వారం రోజులు తంటాలు పడతాడు. రోగం ఒకటి, మందు ఒకటి.

ఇక వైరు లావు సంగతి. ఈ విషయంలో లెక్క చూస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు మీటరుకు సుమారు 18 మిల్లీఓమ్‌లు. నాలుగు మీటర్ల వైరులో 5 ఆంపియర్లు పారితే పోయేది 0.36 వోల్టు. రెండు చదరపు మిల్లీమీటర్లయితే అందులో సగం. 6 చదరపు మిల్లీమీటర్ల వైరు వేసి మీరు మిగుల్చుకునేది పావు వోల్టుకు కాస్త పైన మాత్రమే. మరి పాత బండ్లలో ఒకటిన్నర వోల్టు ఎక్కడ పోతోంది? జాయింట్లలో, స్విచ్ లోపలి కాంటాక్టులలో పోతోంది. యాభై ఏళ్ల కిందటి బుల్లెట్ కనెక్టర్లు (గొట్టంలోకి దూర్చి వైర్లను కలిపే గుండు మొనలు), ఇంగ్లండు చలికీ తేమకూ పచ్చగా చిలుము పట్టిన టెర్మినళ్లు, వేల సార్లు తిప్పిన ఇగ్నిషన్ స్విచ్. ట్యాంకు నిండుగా ఉన్నా కుళాయిలో మట్టి పేరుకుంటే ధార సన్నగానే వస్తుంది, అప్పుడు పైపు మార్చి ప్రయోజనం ఏముంది?

ఒకటిన్నర వోల్టు చిన్న విషయం కాదా అని అడగవచ్చు. కాయిల్‌లో నిలవ ఉండే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. కరెంటులో పదో వంతు తగ్గితే శక్తిలో దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు సెకనుకు 100 స్పార్కులు కావాలి, 5500 దగ్గర 183. వేగం పెరిగే కొద్దీ పాయింట్లు మూసుకొని ఉండే సమయం కుదించుకుపోతుంది, కాయిల్ పూర్తిగా నిండకముందే తెరుచుకుంటాయి. అందువల్లనే వోల్టేజి నష్టం ఐడిలింగ్‌లో కనిపించదు, రేజ్ చేసినప్పుడు బయటపడుతుంది.

కొలిచే పద్ధతి చెబుతాను, ఇది సరిగ్గా చేస్తే మిగతా పని సగం అయినట్లే. ఎంజీబీలో బ్యాటరీలు సీట్ల వెనుక నేలలో ఉంటాయి గనుక మల్టీమీటర్ తీగ అందదు. ఒక నాలుగైదు మీటర్ల సన్న వైరుకు రెండు చివరలా క్రోకడైల్ క్లిప్పులు పెట్టి పొడిగింపు తయారు చేసుకోండి. మీటరు 20 వోల్టుల డీసీ మీద ఉంచి, ఎర్ర ప్రోబును బ్యాటరీ ప్లస్‌కు, నల్ల ప్రోబును కాయిల్ ప్లస్‌కు పెట్టండి. తాళం ఆన్ చేసి, పాయింట్లు మూసుకొని ఉన్నప్పుడు చూడండి. మూసుకున్నాయో లేదో తెలియాలంటే కాయిల్ మైనస్ టెర్మినల్ దగ్గర వోల్టేజి చూడాలి. తెరిచి ఉంటే 12 పైన చూపిస్తుంది, మూసుకుంటే సున్నాకు దగ్గరగా వస్తుంది. పాయింట్లు తెరిచి ఉన్నప్పుడు కాయిల్‌లో కరెంటే పారదు, అప్పుడు కొలిస్తే నష్టం ఉన్నదానికన్నా బాగా తక్కువగా కనిపించి మిమ్మల్ని మోసం చేస్తుంది. కొలత పది సెకన్లలో ముగించి తాళం తీసేయండి.

తరువాత అదే దారిలో అంచెలంచెలుగా కొలవాలి. నిరుడు ఒక ఎంజీబీలో నాకు మొత్తం 1.6 వోల్టుల నష్టం కనిపించింది. బ్యాటరీ నుంచి ఫ్యూజు బాక్సులోని బ్రౌన్ వైర్ల టెర్మినల్ వరకు 0.2, ఇగ్నిషన్ స్విచ్ లోపల 0.9, టాకోమీటర్ వెనుక బుల్లెట్ కనెక్టర్లలో 0.4, మిగిలిన వైరంతా కలిపి 0.1. చూడండి, దాదాపు నాలుగు మీటర్ల వైరు కన్నా గోరంత బుల్లెట్ కనెక్టర్ నాలుగు రెట్లు ఎక్కువ తినేసింది. ఆ కనెక్టర్లు ఊడదీసి, సన్నని ఎమరీ కాగితంతో బుల్లెట్లు రుద్ది, లోపలి గొట్టాలు కొత్తవి వేయగానే నష్టం 1.2కు దిగింది. మిగిలినది స్విచ్‌ది. అది విప్పి బాగుచేసే రకం కాదు గనుక అక్కడ రిలే పెట్టాను. చివరి కొలత 0.2.

ఎర్తు పక్కను మరచిపోవద్దు. కరెంటు వెళ్లే దారి ఎంత బాగున్నా తిరిగివచ్చే దారి చెడితే ఫలితం ఒకటే. కాయిల్ మైనస్ నుంచి బ్యాటరీ మైనస్‌కు, పాయింట్లు మూసుకొని ఉన్నప్పుడు, 0.2 వోల్టు దాటకూడదు. దాటితే పాయింట్ల ముఖాలు కాలిపోయి ఉండాలి, లేదా డిస్ట్రిబ్యూటర్ లోపలి ప్లేటుకు ఉండే చిన్న ఎర్తు వైరు తెగి ఉండాలి, లేదా ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్తు పట్టీ వదులై ఉండాలి. ఈ మూడో దానికి ఒక గుర్తు చెబుతాను. సెల్ఫ్ కొట్టినప్పుడు చోక్ కేబుల్ గాని యాక్సిలరేటర్ కేబుల్ గాని వేడెక్కుతుంటే, స్టార్టర్ కరెంటు ఎర్తు పట్టీని వదిలి ఆ కేబుల్ గుండా తిరిగి వెళుతున్నదన్నమాట.

డిస్ట్రిబ్యూటర్ లోపలి వైర్ల దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే నా మొదటి పాఠం అక్కడే. ఆటోనగర్‌లో ఒక టాక్సీ అంబాసిడర్ వచ్చేది, యాక్సిలరేటర్ నొక్కితే మిస్సింగ్, వదిలితే మామూలు. కాయిల్ మార్చాం, కండెన్సర్ మార్చాం, ప్లగ్గులు మార్చాం, డ్రైవరు సహనం కూడా అయిపోయింది. మా మేస్త్రి చివరకు డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, వ్యాక్యూమ్ గొట్టాన్ని నోటితో పీల్చమని నాతో చెప్పి తాను లోపలికి చూస్తూ నిలబడ్డాడు. వ్యాక్యూమ్ పడినప్పుడల్లా పాయింట్ల ప్లేటు కాస్త తిరుగుతుంది, దానితోపాటు పాయింట్లకు వెళ్లే మెత్తని వైరు వంగుతుంది. ఆ వైరు పైతొడుగు చెక్కుచెదరలేదు, లోపలి రాగి పోగులు మాత్రం ఏనాడో తెగిపోయాయి. ప్లేటు ఒక పక్కకు ఉంటే పోగులు తగులుకునేవి, తిరిగితే విడిపోయేవి. అర అంగుళం వైరు. మేస్త్రి తన గోరుతో దాన్ని నొక్కి చూపించినప్పుడు తొడుగు ఖాళీ గొట్టంలా మడతపడిన తీరు నాకు ఇంకా గుర్తుంది. మీ బండిలోని 25డీ4 డిస్ట్రిబ్యూటర్‌లో కూడా అదే ఏర్పాటు. మీరు కూడా మూత తీసినప్పుడు ఆ వైరును వేళ్లతో వంచి చూడండి. మారుస్తే మెత్తని, చాలా పోగులున్న వైరే వేయాలి, మామూలు వైరు వేస్తే కొద్ది నెలల్లో మళ్లీ తెగుతుంది.

ఇప్పుడు రిలే. నాలుగు కాళ్ల మామూలు 30 ఆంపియర్ల రిలే చాలు. 86వ కాలుకు ఇగ్నిషన్ స్విచ్ నుంచి వచ్చే తెల్ల వైరు, 85వ కాలుకు ఎర్తు, 30వ కాలుకు ఫ్యూజు బాక్సులోని బ్రౌన్ టెర్మినల్ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే కొత్త వైరు, 87వ కాలు నుంచి కాయిల్ వైపుకు. రిలే చుట్టకు కావలసినది 0.15 ఆంపియర్ మాత్రమే గనుక అరిగిన స్విచ్‌లో ఇక కాయిల్ కోసం పోయే వోల్టేజి లేనట్లే. వైరు 2 చదరపు మిల్లీమీటర్లు ఉంటే చాలా ఎక్కువే. క్రింపు చేసిన టెర్మినళ్లు వాడండి, సోల్డర్ చేసిన చోట వైరు బిరుసెక్కి ఇంజిన్ అదురుకు సరిగ్గా ఆ అంచు దగ్గరే విరుగుతుంది. వైరును కోయకుండా పక్కనుంచి కరిచి పట్టే నీలి రంగు ప్లాస్టిక్ క్లిప్పులు ఉంటాయి, వాటిని మాత్రం ఈ పనికి దగ్గరికి రానివ్వకండి. నా దగ్గరకు వచ్చే మిస్సింగ్ కేసుల్లో అవి కనిపిస్తే నేను ఇంకెక్కడా వెదకకుండా ముందు వాటినే విప్పుతాను.

మీ బండికి సంబంధించిన ముఖ్యమైన జాగ్రత్త ఇక్కడ ఉంది. 1972 వరకు వచ్చిన ఎలక్ట్రిక్ టాకోమీటర్ ఎంజీబీలలో, కాయిల్‌కు వెళ్లే తెల్ల వైరు ముందు డాష్‌బోర్డు వెనుకకు వెళ్లి, టాకోమీటర్ గుండా ఒక చుట్టు తిరిగి, ఆ తరువాతే కాయిల్‌కు వస్తుంది. కాయిల్ తీసుకునే కరెంటులో వచ్చే ప్రతి కుదుపును ఆ చుట్టు ద్వారా గ్రహించి టాకోమీటర్ చుట్లు లెక్కపెడుతుంది. 1973 నుంచి వచ్చిన వాటిలో టాకోమీటర్‌కు కాయిల్ మైనస్ నుంచి, తెలుపు మీద నల్ల గీత ఉన్న వైరు ద్వారా సంకేతం వెళుతుంది గనుక ఈ బాధ లేదు. మీ బండిలో మాత్రం, చాలామంది చేసినట్లు కాయిల్ పక్కనే రిలే బిగించి 87ను నేరుగా కాయిల్ ప్లస్‌కు కలిపితే, కాయిల్ కరెంటు టాకోమీటర్ గుండా పోదు, ముల్లు సున్నా దగ్గర పడుకుంటుంది. బండి బ్రహ్మాండంగా నడుస్తుంది గాని మీరు టాకోమీటర్ పాడైందనుకొని దాన్ని బాగుచేయడానికి పంపిస్తారు. అలా పంపించి, బాగానే ఉందని తిరిగివస్తే నా దగ్గరకు తెచ్చిన వారు ఇద్దరున్నారు.

కాబట్టి రిలేను టాకోమీటర్‌కు ముందు పెట్టండి. స్విచ్ నుంచి టాకోమీటర్‌కు వెళ్లే తెల్ల వైరును విడదీసి, స్విచ్ వైపు చివరను 86కు, టాకోమీటర్ వైపు చివరను 87కు ఇవ్వాలి. అప్పుడు రిలే నుంచి బయలుదేరిన కరెంటు పాత దారినే టాకోమీటర్ చుట్టు తిరిగి కాయిల్‌కు చేరుతుంది. ఆ చుట్టులో కరెంటు పారే దిశ కూడా మారకూడదు, తిరగబడితే టాకోమీటర్ పనిచేయదు. రిలేను డాష్‌బోర్డు కింద గట్టి చోట బిగించి, టెర్మినళ్లు కిందికి చూసేలా ఉంచితే నీరు నిలవదు. ఓపెన్ బండికి ఇది అనవసరమైన జాగ్రత్త కాదు.

రెండో జాగ్రత్త వినడానికి వింతగా ఉంటుంది. ఒకాయన తన ఎంజీబీకి తానే రిలే పెట్టుకున్నారు, పనిలో పనిగా ఎస్‌యూ కంపెనీ పెట్రోలు పంపును, ఆకుపచ్చ వైర్ల మీది గేజీలను కూడా అదే రిలే మీదకు మార్చారు. బండి చక్కగా స్టార్ట్ అయింది. తాళం తీస్తే ఆగలేదు. తాళం చేతిలో పట్టుకొని, నడుస్తున్న బండి పక్కన నిలబడి నాకు ఫోన్ చేశారు. క్లచ్ వదిలి గేరులో ఆపించి తరువాత వెళ్లి చూశాను. చార్జింగ్ హెచ్చరిక బల్బుకు ఒక చివర ఇగ్నిషన్ తెల్ల వైరు, ఇంకొక చివర ఆల్టర్నేటర్. తాళం తీసినా ఇంజిన్ తిరుగుతూనే ఉంది గనుక ఆల్టర్నేటర్ నుంచి కరెంటు ఆ బల్బు గుండా వెనక్కి తెల్ల వైరులోకి వస్తోంది. మామూలుగా పంపు, గేజీలు, కాయిల్ ఆ కొద్ది కరెంటును మింగేస్తాయి, వోల్టేజి నిలవదు. వాటన్నిటినీ రిలే వెనక్కి మార్చిన తరువాత తెల్ల వైరు మీద మిగిలింది రిలే చుట్ట ఒక్కటే. దానికి 0.15 ఆంపియర్ చాలు, ఆ బల్బు గుండా అది హాయిగా వస్తుంది. దీనికి మందు కరెంటును ఒక్క వైపుకే పోనిచ్చే ఒక డయోడ్, 1ఎన్4001 రకం చాలు. హెచ్చరిక బల్బు నుంచి ఆల్టర్నేటర్‌కు వెళ్లే వైరులో, గీత ఉన్న చివర ఆల్టర్నేటర్ వైపు ఉండేలా పెట్టాలి. మీరు కాయిల్‌ను మాత్రమే రిలే మీదకు మార్చి పంపునూ గేజీలనూ పాత తెల్ల వైరు మీదనే ఉంచితే సాధారణంగా ఈ సమస్య రాదు. నేనైతే అలాగే ఉంచుతాను.

మీ స్నేహితుడు చెప్పిన నేరు వైరు, స్విచ్ పద్ధతి గురించి ఒక మాట. అందులో మొదటి లోపం మరుపు. బండి ఆగిపోయిన తరువాత, పాయింట్లు మూసుకున్న చోట ఇంజిన్ నిలబడి ఉంటే, స్విచ్ తీయడం మరచిన రాత్రంతా కాయిల్ ఉడుకుతూనే ఉంటుంది. అలా లోపలి నూనె బయటికి కారి ఇన్నర్ ఫెండర్ మీద నల్లగా పేరుకున్న కాయిల్‌ను నేను నా చేతులతో విప్పాను. రెండో లోపం ఫ్యూజు లేకపోవడం. 6 చదరపు మిల్లీమీటర్ల వైరు ఎక్కడైనా బాడీకి రాసుకొని తొడుగు పోతే, బ్యాటరీ శక్తినంతా ఆ ఒక్క చోట కుమ్మరిస్తుంది, పెట్రోలు పైపులు దాని పక్కనే ఉంటాయి. లావు వైరు ఎంత లావైతే అంత ప్రమాదం.

ఫ్యూజు విషయంలో నిపుణుల మధ్య భేదాభిప్రాయం ఉన్నమాట నిజమే. బండి తయారైనప్పుడు ఇగ్నిషన్ తెల్ల వైరుకు ఫ్యూజు లేదు, మోటార్‌వే మీద వేగంగా పోతుండగా ఫ్యూజు పోయి ఇంజిన్ ఆగడం మంచిది కాదన్నది ఫ్యూజు వద్దనేవారి వాదన. నా అభిప్రాయం వేరు. కొత్తగా లాగిన వైరుకు, అది కూడా ఎల్లవేళలా బ్యాటరీ ఉండే బ్రౌన్ టెర్మినల్ నుంచి తీసిన వైరుకు, 15 ఆంపియర్ల బ్లేడు ఫ్యూజు తప్పకుండా పెడతాను. 5 ఆంపియర్ల పనికి 15 ఆంపియర్ల ఫ్యూజు ఊరికే పోదు, పోయిందంటే పోవలసిన కారణం ఉన్నట్లే. పాత గాజు ఫ్యూజులు వాడే పక్షంలో ఒకటి గమనించండి, లూకాస్ వారి 35 ఆంపియర్ల ఫ్యూజు అంటే 35 దగ్గర తెగేది అని అర్థం, నిరంతరంగా మోయగలిగింది 17 ఆంపియర్లే.

పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టే ఆలోచన మీకు ఎప్పుడైనా వస్తే, కాయిల్ ఓమ్‌ల లెక్క ఇంకా కఠినంగా పాటించాలి. డిస్ట్రిబ్యూటర్ లోపల ఇమిడిపోయే మొదటి తరం పెర్‌ట్రానిక్స్ ఇగ్నైటర్ నాలుగు సిలిండర్ల ఇంజిన్‌పై 3 ఓమ్‌ల కాయిల్ కోరుతుంది, ఇంజిన్ తిరగకుండా తాళం ఆన్‌లో వదిలేస్తే పాడవుతుంది. పాటలు వినడానికి తాళం తిప్పి కూర్చునే అలవాటు ఉంటే ముందే మానుకోవాలి. పాయింట్లే ఉంచుకుంటే గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, డ్వెల్ (పాయింట్లు మూసుకొని ఉండే కోణం) 60 డిగ్రీలు, దానికి మూడు అటూ ఇటూ. కాయిల్ మీద ప్లస్, మైనస్‌లకు బదులు ఎస్‌డబ్ల్యూ, సీబీ అని ఉంటే అది పాజిటివ్ ఎర్తు (బ్యాటరీ ప్లస్‌ను బాడీకి కలిపే) కాలం నాటి కాయిల్, మీ నెగటివ్ ఎర్తు బండిలో సీబీకి తెల్ల వైరు, ఎస్‌డబ్ల్యూకు డిస్ట్రిబ్యూటర్ వైరు ఇవ్వాలి. తారుమారైనా బండి నడుస్తుంది, కాని ప్లగ్గు దగ్గర స్పార్కుకు మరింత వోల్టేజి కావలసి వస్తుంది.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ ఎర్తు తీగ విప్పండి, ముందే ఫోన్‌తో డాష్‌బోర్డు వెనుక ఫొటోలు తీసుకోండి. మొదట 3 ఓమ్‌ల కాయిల్ మాత్రమే మార్చి రెండు రోజులు నడిపి చూడమని నా సలహా, ఎందుకంటే కాయిల్, జాయింట్లు, రిలే అన్నీ ఒకేసారి మారిస్తే ఏది రోగమో ఎప్పటికీ తెలియదు. వేడెక్కిన తరువాత కూడా మిస్సింగ్ మిగిలితే కండెన్సర్ మీద అనుమానం పెట్టుకోండి. వేడికి చెడిపోయి చల్లారాక కోలుకునే గుణం దానిదే. ఈ మధ్య వస్తున్న కొత్త కండెన్సర్లలో నాసిరకం చాలా ఉంది గనుక మీ పాతది పారేయకుండా బండిలోనే ఉంచండి. మిస్సింగ్ వచ్చిన క్షణంలో రోడ్డు పక్కకు ఆపి కాయిల్ ప్లస్ దగ్గర వోల్టేజి ఎంత ఉందో చూసి ఇక్కడ రాయండి, చల్లారిన తరువాత తీసిన కొలత కన్నా ఆ ఒక్క అంకె నాకు ఎక్కువ ఉపయోగపడుతుంది. అది 12 పైన ఉండి, స్పార్కు కూడా నీలంగా బలంగా పడుతుంటే వైరింగ్‌ను వదిలేసి పెట్రోలు పంపు వైపు వెళదాం.